పిట్టను చూసి డ్రోన్: తరచుగా అడిగే ప్రశ్నలు

డ్రోన్లు విప్పి బిగించడం నా పని. ఆదివారాలు ఇంజనీరింగ్ పిల్లలు వర్క్‌షాప్‌కి వస్తుంటారు, వాళ్ళ వెనకాలే నాన్నలూ బాబాయిలూ వస్తారు. షెల్ఫులో ఉన్న రెక్కల బొమ్మను చూడగానే మొదలుపెడతారు. ఏడాది పొడుగునా వచ్చే ప్రశ్నలు తిరగేసి మరగేసి ఇవే కాబట్టి, జవాబులు ఒకచోట రాసి పెడుతున్నాను.

ప్రకృతిని చూసి చేసిన డ్రోన్ అంటే రెక్కలు కొట్టుకునే బొమ్మ పిట్టేనా?

అందరూ ముందు అనుకునేది అదే. రూపం అందులో ఒక ముక్క మాత్రమే, అదీ చాలాసార్లు అక్కరకు రాని ముక్క.

ఇంట్లో కోడి ఉంటే ఒక పని చెయ్యండి. దాన్ని రెండు చేతులా ఒడిసి పట్టుకుని మెల్లగా పైకీ కిందికీ, పక్కలకీ జరపండి. ఒళ్ళు మీ చేతులతో పాటు వస్తుంది. తల మాత్రం గాల్లో మేకు కొట్టినట్టు ఉన్నచోటే ఉంటుంది. మధ్యలో తేడానంతా మెడ మింగేస్తుంది. డ్రోన్ కింద కెమెరాకు బిగించే గింబల్ చేసేదీ ఇదే పని. గింబల్‌ని కోడిని చూసి కనిపెట్టలేదు, కానీ ఇద్దరి తిప్పలూ ఒకటే. ఒళ్ళు ఎంత ఊగినా కన్ను కదలకూడదు.

అలా జంతువుల దగ్గర తీసుకోగలిగినవి చాలా ఉన్నాయి: రెక్క ఒంపు, ఈక అల్లిక, కాలి పట్టు, కంటి లెక్క, గుంపులో మసలే తీరు. నన్నడిగితే రెక్కల కన్నా కళ్ళ దగ్గర నేర్చుకున్నదే ఇప్పటికి ఎక్కువ పనికొచ్చింది. ఆ సంగతి కింద పొడుగ్గా రాశాను.

నాలుగు ఫ్యాన్ల డ్రోన్ బాగానే ఎగురుతోందిగా, మళ్ళీ రెక్కల గోల ఎందుకు?

నిజమే, బాగానే ఎగురుతోంది. పెళ్ళి వీడియోలకైనా, మిరప తోటలో మందు కొట్టడానికైనా ఫ్యాన్ల డ్రోనే కొనమని చెబుతాను. కదిలే భాగాలు తక్కువ. మోటార్లు వేగం పెంచితే లేస్తుంది, తగ్గిస్తే దిగుతుంది. మోటారు కాలిపోతే నాలుగు స్క్రూలు విప్పి ఇంకోటి పెడతాం.

గాల్లో ఒకేచోట నిలబడే విషయంలోనూ ఫ్యాను మరీ అంత తీసిపోలేదు. 2014లో పన్నెండు జాతుల హమ్మింగ్‌బర్డ్ రెక్కల్ని యంత్రానికి తగిలించి గిరగిరా తిప్పి, బ్లాక్ హార్నెట్ అనే అరచేతి సైజు సైనిక హెలికాప్టర్ బ్లేడుతో పోల్చి చూశారు. సగటు పిట్ట రెక్కతో ఆ బ్లేడు సమానంగా నిలిచింది. అన్నిట్లోకీ మెరుగైన జాతి మాత్రం 20 శాతానికి పైగా ముందుంది. అంటే కోట్ల ఏళ్ళు సాన పట్టిన రెక్కతో మనిషి చేసిన బ్లేడు దాదాపు సరితూగిందన్నమాట. ఈ మాట చెబితే రెక్కల వీరాభిమానులకి కాస్త కష్టంగా ఉంటుంది.

రెక్క గెలిచేది వేరే చోట్ల. సైజు ఈగంత, తేనెటీగంత అయ్యేసరికి మామూలు మోటారూ ఫ్యానూ బాగా డీలా పడతాయి. అక్కడ రెక్కదే రాజ్యం. మనుషుల మధ్య ఎగిరినప్పుడు మెత్తటి రెక్క తగిలితే చెంప మీద కాగితం తగిలినట్టుంటుంది, ప్రొపెల్లర్ తగిలితే కుట్లు పడతాయి. పైగా రెక్క ఉన్నది అలిసినప్పుడు ఆడించడం ఆపి తేలిపోగలదు. క్వాడ్‌కాప్టర్ (నాలుగు ఫ్యాన్ల డ్రోన్) ఫ్యాన్లు ఆగితే రాయే.

పిట్ట గంటల తరబడి ఎగురుతుంది, నా డ్రోన్ అరగంటకే బ్యాటరీ అయిపోయిందని ఎందుకు దిగుతుంది?

తేడా రెక్కలో కన్నా తిండిలో ఉంది. ఒక గ్రాము కొవ్వులో దాదాపు 37 కిలోజౌళ్ళ శక్తి ఉంటుంది. మన లిథియం పాలిమర్ బ్యాటరీలో గ్రాముకి ఒక కిలోజౌల్ కూడా ఉండదు, ముప్పావు దగ్గర ఆగుతుంది. యాభై రెట్ల తేడా. కండరం కన్నా మోటారు శక్తిని బాగా వాడుకుంటుంది కాబట్టి కొంత సర్దుకున్నా, చివరికి పది రెట్ల పైనే వెనకబడతాం.

2022లో ఉపగ్రహ ట్యాగు కట్టిన బార్-టెయిల్డ్ గాడ్‌విట్ అనే పిట్ట అలాస్కాలో లేచి టాస్మేనియాలో దిగింది. 11 రోజులు, 13,560 కిలోమీటర్లు, నడుమ ఎక్కడా వాలలేదు. అంత దూరం ఎందుకు, వానాకాలం చివర్లో మన పొలాల మీద గుంపులుగా తిరిగే పసుపు తూనీగల్ని చూడండి. బరువు గ్రాములో మూడోవంతు కూడా ఉండదు. ఆ జాతి ఇండియా నుంచి మాల్దీవుల మీదుగా హిందూ మహాసముద్రం దాటి ఆఫ్రికా చేరుతుందని పరిశోధకులు గుర్తించారు. అది తన బలంతో పోయేది కొంతే, గాలి మోసుకుపోయేది చాలా.

ఆ కిటుకు డ్రోన్లకీ పట్టుబడుతోంది. ఎండవేళ గద్ద రెక్క కదపకుండా చక్కర్లు కొడుతూ పైకి పోవడం మీరు చూసే ఉంటారు. నేల కాగి లేచే వేడిగాలి స్తంభంలో అది తిరుగుతుంటుంది. 2018లో కాలిఫోర్నియాలో పరిశోధకులు ఇంజిన్ లేని రెండు మీటర్ల గ్లైడర్‌కి ఇదే విద్య నేర్పారు. వేడిగాలి ఎక్కడుందో ఎవరూ చెప్పలేదు. పైకి తోసే బలం ఎటు పెరుగుతోంది, ఏ రెక్క కింద ఎక్కువ తోపు తగులుతోంది అన్న రెండు ఆనవాళ్ళతో, ఎగిరి ఎగిరి తనే నేర్చుకుంది.

సైన్సు ప్రకారం తేనెటీగ ఎగరకూడదట కదా?

ఈ మాట వాట్సాప్‌లో ఎన్ని గుడ్‌మార్నింగ్‌ల కింద చూశానో లెక్కలేదు. తేనెటీగ శుభ్రంగా సైన్సు ప్రకారమే ఎగురుతుంది. కదలకుండా బిగుసుకున్న విమానం రెక్క లెక్కని ఆడే రెక్కకు అంటగడితే జవాబు తప్పు రాదా మరి?

టీ కప్పులో చెంచా వాలుగా ముంచి ఒక్కసారి పక్కకు లాగండి. చెంచా అంచు వెనక చిన్న సుడి పుడుతుంది. పురుగు రెక్క కొట్టినప్పుడు ముందంచు వెంబడి గాల్లో అలాంటి సుడే లేచి రెక్క పైభాగాన్ని అంటిపెట్టుకుని ఉంటుంది. సుడి ఉన్నచోట పీడనం తగ్గుతుంది, రెక్క పైకి గుంజుకుపోతుంది. సుడి రెక్కను వదిలి జారిపోయేలోపే పురుగు దెబ్బ ముగించి రెక్క తిరగేసి ఇంకో దెబ్బ కొడుతుంది. 1996లో కేంబ్రిడ్జిలో ఛార్లెస్ ఎల్లింగ్టన్ బృందం పెద్ద చిమ్మట మీద, దాని పెద్ద నమూనా మీద పొగ వదిలి ఈ సుడిని కళ్ళకు కట్టించింది. 1999లో మైకేల్ డికిన్సన్ బృందం పండ్ల ఈగ రెక్కలకి పెద్ద నమూనా చేసి నూనె తొట్టిలో మెల్లగా ఆడించి, రెక్క తిరగేసేటప్పుడు కూడా అదనపు బలం పుడుతుందని కొలిచి చూపించింది. నూనె ఎందుకంటే, చిన్న ఈగకు గాలి ఎంత చిక్కగా తగులుతుందో పెద్ద బొమ్మకు నూనె అంత చిక్కగా తగులుతుంది.

ఈగ గురించి ఇంకో మాట. దానికి రెండే రెక్కలు. వెనక జత ఉండాల్సిన చోట గుండుసూదుల్లాంటి రెండు పుల్లలు ఉంటాయి. ఎగిరేటప్పుడు అవి రెక్కలతో పాటు కొట్టుకుంటూ, ఒళ్ళు ఎటు తిరిగినా ఆ సంగతి నరాలకి చేరవేస్తాయి. మీ డ్రోన్ ఫ్లైట్ కంట్రోలర్‌లో ఉన్న, ఒళ్ళు తిరగడాన్ని పసిగట్టే గైరో చిప్పు లోపల కూడా అతి చిన్న ముక్కలు ఇలాగే ఊగుతూ ఉంటాయి. గోడమీద ఈగను కొట్టబోయి తప్పిపోయిన ప్రతిసారీ ఆ పుల్లలకు దండం పెట్టుకోవచ్చు.

ఇప్పటిదాకా నిజంగా ఎగిరినవి ఏవి?

చాలానే ఉన్నాయి, అందులో కొన్ని ప్రదర్శనకే. జర్మనీకి చెందిన ఫెస్టో కంపెనీ 2011లో చేసిన స్మార్ట్‌బర్డ్ రెండు మీటర్ల రెక్కల సముద్రపు కాకి. బరువు అరకిలో లోపే, గాల్లో చూస్తే నిజం పిట్టే అనిపిస్తుంది. 2013లో వాళ్ళే తూనీగను చేశారు. నాలుగు రెక్కల్నీ దేనికది వేరుగా ఆడించగలదు, బరువు 175 గ్రాములు. చూడముచ్చటగా ఉంటాయి కానీ వాటితో ఎవరూ పని చేయించుకోవడం లేదు.

2011లోనే అమెరికాలో సైనిక పరిశోధన సంస్థ డార్పా డబ్బుతో ఏరోవైరన్‌మెంట్ కంపెనీ నానో హమ్మింగ్‌బర్డ్ చేసింది. 19 గ్రాములు, లోపల కెమెరాతో సహా. ఎనిమిది నిమిషాలు గాల్లో నిలబడి చూపించింది. (మందార పూల దగ్గర మనకు కనబడేది హమ్మింగ్‌బర్డ్ కాదు, తేనెపిట్ట. హమ్మింగ్‌బర్డ్‌లు అమెరికా ఖండాలు దాటి ఎక్కడా లేవు.)

నాకు అన్నిట్లోకీ నచ్చింది నెదర్లాండ్స్‌లో డెల్ఫ్ట్ సాంకేతిక విశ్వవిద్యాలయం వాళ్ళ డెల్‌ఫ్లై. 2005లో మొదలుపెట్టి ఒక్కో మెట్టూ ఎక్కుతూ వచ్చారు. 2008 నాటి మైక్రో మూడు గ్రాములు. 2018లో వచ్చిన నింబుల్ 29 గ్రాములు, సెకనుకి 17 సార్లు రెక్క ఆడిస్తుంది. దానికి తోక లేదు. తిరగడం, వంగడం, పల్టీ అన్నీ రెక్కలతోనే. ఈ యంత్రంతో వాళ్ళు పురుగుల గురించే కొత్త సంగతి కనుక్కున్నారు. చెయ్యి విసిరినప్పుడు పండ్ల ఈగ ఒక్కసారిగా ఒరిగి మలుపు తీసుకుని పారిపోతుంది కదా, ఆ మలుపును యంత్రంతో చేయించి చూస్తే, తల తిప్పే బలం కొంత రెక్కల నుంచి దానంతటదే పుడుతోందని తేలింది. పిట్టను చూసి యంత్రం చేస్తామంటే అందరూ వింటారు. యంత్రాన్ని చూసి పురుగును అర్థం చేసుకోవడం ఇంకా గొప్ప సంగతని నా అభిప్రాయం.

ఇక చిన్నవాటిల్లో మొనగాడు హార్వర్డ్ రోబోబీ. రాబర్ట్ వుడ్ బృందం 2013లో ప్రకటించింది. 80 మిల్లీగ్రాములు, రెక్కల చివరి నుంచి చివరికి 3 సెంటీమీటర్లు, సెకనుకి 120 దెబ్బలు. అంత సైజులో మోటారు పెట్టలేక, కరెంటు ఇస్తే వంగే పింగాణీ పట్టీల్ని కండరాలుగా వాడారు. అయితే కరెంటు నేల మీది నుంచి వెంట్రుకంత తీగల్లో పోవాల్సిందే. 2019లో నాలుగు రెక్కలు, నెత్తిన సౌర పలకలు పెట్టి ఆ తీగ తెంపారు. దానికి మూడు సూర్యులంత వెలుగు కావాలి. మన రోహిణి కార్తె ఎండ కూడా చాలదు.

ఈకలు కూడా ముఖ్యమేనా?

స్టాన్‌ఫర్డ్‌లో డేవిడ్ లెంటింక్ బృందం 2020లో నిజం పావురం ఈకలు 40 పెట్టి పిజన్‌బాట్ చేసింది. పావురం మణికట్టూ వేలూ ఆడించినట్టు ఆడిస్తే రెక్క మొత్తం ముడుచుకుని విచ్చుకుంటుంది. ఇన్ని ఈకలు విప్పినప్పుడు మధ్యలో సందు ఎందుకు పడదు అన్నది వాళ్ళు తవ్విన ప్రశ్న. ఈక అంచున కంటికి కనబడని కొక్కేలు ఉన్నాయి. రెక్క చాపినప్పుడు పక్క ఈకను పట్టుకుంటాయి, ముడిచినప్పుడు వదిలేస్తాయి. చెప్పుల పట్టీకి ఉండే వెల్‌క్రో లాంటిదే, కాకపోతే ఒకవైపే పనిచేస్తుంది, చప్పుడు కూడా చేస్తుంది.

ఆ కొక్కేలు గుడ్లగూబకు లేవు.

డ్రోన్ జోరీగలా రొద పెడుతుంది. గుడ్లగూబలా నిశ్శబ్దంగా చెయ్యలేమా?

కొంత తగ్గించగలం. గుడ్లగూబ రెక్క ముందంచు దువ్వెన పళ్ళలా ఉంటుంది, పైన మఖమల్ లాంటి నూగు, వెనకంచున కుచ్చులు. గాలి ఒక్కసారిగా విరగకుండా అవి చిన్నచిన్న పాయలుగా చీలుస్తాయి. ప్రొపెల్లర్ అంచులకు ఇలాంటి రంపపు పళ్ళు పెట్టి చూసినవాళ్ళు చాలామంది ఉన్నారు, రొద కొంత తగ్గుతుంది. కానీ గుడ్లగూబ అసలు బలం ఏమిటంటే ఒంటికి మించిన వెడల్పాటి రెక్క వేసుకుని నింపాదిగా ఎగరడం. నిమిషానికి వేలసార్లు తిరిగే చిన్న ఫ్యానుకి ఆ నింపాది ఎక్కడిది? ఫ్యాను పెద్దది చేసి మెల్లగా తిప్పడమే ఇప్పటికీ అన్నిట్లోకీ మంచి మందు.

కళ్ళ సంగతి చెబుతానన్నారు?

బస్సులో కిటికీ పక్కన కూర్చోండి. రోడ్డు పక్క తుమ్మచెట్లు సర్రుమని వెనక్కి పోతాయి, దూరపు కొండ మెల్లగా జరుగుతుంది, చందమామ అసలు కదలదు. దగ్గరివి జోరుగా, దూరపువి నిదానంగా. చూపులో బొమ్మ జరిగే ఈ ఒరవడినే ఆప్టిక్ ఫ్లో అంటారు. తేనెటీగ బతుకంతా దీనిమీదే నడుస్తుంది. దాని రెండు కళ్ళ మధ్య దూరం చాలా తక్కువ, మనలా రెండు కళ్ళ తేడాతో దూరం కొలవలేదు. మెదడులో ఉన్నది పది లక్షల నాడీకణాలే. అయినా పూలమధ్య గుద్దుకోకుండా తిరుగుతుంది.

ఎలాగన్నది ఆస్ట్రేలియాలోని కాన్‌బెర్రాలో తేలింది. అక్కడ పనిచేసిన మాండ్యం శ్రీనివాసన్ మన బెంగళూరులో చదువుకున్నవారే. రెండు గోడలకీ నిలువు చారలు గీసిన సొరంగంలోకి తేనెటీగల్ని వదిలారు. అవి సరిగ్గా నడిమధ్యలో ఎగిరాయి. తర్వాత ఒక గోడ చారల్ని ఈగ వెళ్ళే దిక్కులోనే జరిపారు. ఆ వైపు బొమ్మ నిదానించింది, ఆ గోడ దూరంగా ఉందనుకుని ఈగలు అటు జరిగాయి. అంటే అవి చేసే లెక్క ఒక్కటే: రెండు కళ్ళలోనూ బొమ్మ ఒకే వేగంతో జరగాలి.

దిగేటప్పుడు ఇంకా సులువు. నేల బొమ్మ జరిగే వేగం మారకుండా చూసుకుంటే చాలు. నేల దగ్గరయ్యేకొద్దీ అదే బొమ్మ జోరుగా జరగాలి కదా, జరగనివ్వకూడదంటే తను నెమ్మదించాలి. అలా తగ్గుతూ తగ్గుతూ కాలు ఆనే వేళకు వేగం దాదాపు సున్నా అవుతుంది. ఎత్తు తెలియదు, వేగం తెలియదు, కొలిచే సాధనం లేదు. అయినా పువ్వు మీద దూది పడ్డట్టు వాలుతుంది.

ఇంకో ప్రయోగం ఉంది, చెప్పకపోతే నాకు నిద్ర పట్టదు. గూడు నుంచి కాస్త దూరంలో, ఆరు మీటర్ల ఇరుకు సొరంగంలో తేనె పెట్టారు. తిరిగొచ్చిన ఈగలు పట్టు మీద నాట్యమాడుతూ తోటివాటికి "తేనె దాదాపు రెండొందల మీటర్ల దూరంలో ఉంది" అని చెప్పాయి. గోడలు మరీ దగ్గర కావడంతో బొమ్మ జోరుగా జరిగి, తాము చాలా దూరం వెళ్ళొచ్చామని అవి నమ్మాయి. ఈగ మీటరు తిరిగేది రెక్కలతో కాదు, కంటితో.

ఇప్పుడు మీ డ్రోన్ తిరగేసి పొట్ట చూడండి. చాలావాటికి కిందికి చూసే చిన్న కెమెరా ఉంటుంది. జీపీఎస్ అందని హాల్లో డ్రోన్ కదలకుండా నిలబడేది దాని చలవతోనే, అది చూసేదీ ఈ ఒరవడినే. దాని బలహీనత కూడా అందులోనే ఉంది. ఒకసారి ఫంక్షన్ హాల్లో తళతళలాడే తెల్ల గచ్చు మీద ఎగరేశాను. గచ్చులో ఒక్క మరక లేదు, పట్టుకోవడానికి ఆనవాలు లేదు. నిలబడినట్టే నిలబడి మెల్లగా జారుకుంటూ స్టేజీ పూలదండల్లోకి పోయింది. అప్పటినుంచి అలాంటి గచ్చు ఉంటే ముందు నాలుగు పాత చొక్కాలు పరుస్తాను. కృష్ణ మీద తక్కువ ఎత్తులో ఎగరేసేవాళ్ళకీ ఇదే మాట. కింద నీళ్ళు కదులుతుంటే డ్రోన్ తనే కదులుతున్నాననుకుంటుంది.

మిడత దగ్గర కూడా ఒకటి తీసుకున్నారు. దాని మెదడులో ఒక పెద్ద నాడీకణం ఎదురుగా ఉన్న వస్తువు బొమ్మ పెద్దదవుతుంటే మాత్రమే గట్టిగా స్పందిస్తుంది. పక్కకు పోయేదాన్ని పెద్దగా పట్టించుకోదు. గుద్దుకోబోయేదేది, పక్కనుంచి పోయేదేది అన్న తేడా ఒక్క కణంతో తేల్చేస్తుంది. ఈ పద్ధతితో కూడా చిన్న డ్రోన్లకు అడ్డంకి తప్పించే ప్రోగ్రాములు రాశారు.

వాలడానికి కాళ్ళు పెట్టిన డ్రోన్లు ఉన్నాయా?

ఉన్నాయి. రోజంతా ఒకచోట కూర్చుని చూడాల్సిన పనికి రోజంతా ఎగరడం దండగ. కాకి చూడండి, కరెంటు తీగ మీద కూర్చుని అన్నీ గమనిస్తుంది. 2021లో స్టాన్‌ఫర్డ్ వాళ్ళు క్వాడ్‌కాప్టర్‌కి డేగ కాళ్ళు పెట్టారు. ఎముకలు త్రీడీ ప్రింటువి, స్నాయువులకు బదులు గాలపు దారం. కొమ్మకు తగిలీ తగలగానే సెకనులో యాభయ్యో వంతులో గోళ్ళు బిగుసుకుంటాయి. విసిరిన టెన్నిస్ బంతినీ పట్టుకుంది. 2024 డిసెంబరులో స్విట్జర్లాండ్ లోసాన్ నుంచి రేవెన్ అనే డ్రోన్ వచ్చింది. ఇది కాకిలాగే నడుస్తుంది, గెంతుతుంది, ఎగిరేముందు కాళ్ళతో ఒక్క ఉదుటున దూకి గాల్లోకి లేస్తుంది. రన్‌వే అక్కర్లేదు. ఆ మొదటి గెంతులో ఎంత లాభం ఉందో, నీళ్ళ తొట్టి అంచు మీది నుంచి కాకి లేవడం ఒకసారి శ్రద్ధగా చూస్తే తెలుస్తుంది.

విజయవాడలో 5,500 డ్రోన్లు ఒకేసారి ఎగిరాయి. అది పిట్టల గుంపు పద్ధతేనా?

కాదు. 2024 అక్టోబరు 22న పున్నమి ఘాట్‌లో నేనూ మెడ నొప్పి పుట్టేదాకా చూశాను, బ్రహ్మాండంగా ఉంది, గిన్నిస్ రికార్డులూ వచ్చాయి. అయితే అలాంటి షోలో ఏ డ్రోన్ ఏ క్షణాన ఎక్కడ ఉండాలో ముందే కంప్యూటర్‌లో రాసి పెడతారు. పక్కవాడు ఉన్నాడో పడిపోయాడో దానికి తెలియదు. అది డ్రిల్లు మాస్టారి కవాతు.

పిట్టల గుంపుకి మాస్టారు లేడు. 1986లో క్రెయిగ్ రేనాల్డ్స్ కంప్యూటర్ తెర మీద మూడే మూడు సూత్రాలతో గుంపును ఎగరేశాడు: పక్కవాడిని గుద్దకు, పక్కవాళ్ళు పోయేవైపు పో, మరీ విడిపోకు. రోమ్ నగరం మీద చలికాలం సాయంత్రాలు ముసిరే గోరింక జాతి పిట్టల్ని ఫొటోలు తీసి లెక్కపెట్టినవాళ్ళు 2008లో ఇంకో సంగతి చెప్పారు. ఒక్కో పిట్ట ఎంత దూరంలో ఉన్నా సరే, తనకు దగ్గరి ఆరేడు పిట్టల్నే చూసుకుంటుందట. మన జొన్నచేల మీద చలికాలంలో వాలే గులాబి గోరింకలూ వాటి చుట్టాలే.

డ్రోన్లతో దీన్ని చేయడం కష్టం. బుడాపెస్ట్‌లో తమాష్ విచెక్ బృందం 2014లో పదింటిని, 2018లో ముప్పై డ్రోన్లను ఆరుబయట ఇలా ఎగరేసింది. 2022లో చైనాలో జెజియాంగ్ విశ్వవిద్యాలయం వాళ్ళు పది చిన్న డ్రోన్లను వెదురు తోపులోకి వదిలితే, ఏ దారి ఎటో అవే చూసుకుంటూ బయటకొచ్చాయి. పది ఎక్కడ, 5,500 ఎక్కడ అనిపిస్తుంది. నాకైతే ఆ పదే పెద్ద సంఖ్యగా కనిపిస్తుంది.

గింజల్ని చూసి కూడా చేశారని విన్నాను?

మాధవీలత కాయ ఎప్పుడైనా చూశారా? మూడు రెక్కలుంటాయి, ఒకటి పొడుగు, రెండు పొట్టి. పైనుంచి వదిలితే గిరగిరా తిరుగుతూ మెల్లగా దిగుతుంది. అదే కుటుంబానికి చెందిన ఇంకో తీగ గింజను చూసి 2021లో నార్త్‌వెస్టర్న్ విశ్వవిద్యాలయం వాళ్ళు ఇసుక రేణువంత సైజు నుంచి మొదలుపెట్టి రెక్కల చిప్పులు చేశారు. మోటారు లేదు, తిరుగుతూ దిగడమే. మరుసటేడు వాషింగ్టన్ విశ్వవిద్యాలయం వాళ్ళు డాండెలియన్ గింజను చూసి 30 మిల్లీగ్రాముల సెన్సర్ చేశారు. డ్రోన్ నుంచి వదిలితే చిరుగాలికే వంద మీటర్ల దాకా తేలిపోయి నేల చేరి, సౌరశక్తితో కొలతలు పంపుతుంది. మన ఊళ్ళో అయితే జిల్లేడు గింజను చూసి చేసేవాళ్ళం. పట్టు కుచ్చు ఊది వదిలి వెంట పరుగెత్తని పిల్లలు ఉంటారా?

ఇది కొత్త ఆలోచనేం కాదు. 1910 ప్రాంతంలో ఎగిరిన టౌబె అనే విమానం పేరుకి జర్మన్‌లో పావురం అని అర్థం. రెక్క మాత్రం ఆస్ట్రియాకు చెందిన ఇగో ఎట్రిచ్ జావా దీవి తీగ గింజను చూసి గీసింది.

పిట్టలా ఉంటే కాకులూ గద్దలూ వెంటపడవా?

గూళ్ళ కాలంలో దేన్నైనా తరుముతాయి. ఓ గద్ద నా డ్రోన్‌ని కాలితో తన్ని పోయింది, అదృష్టం బాగుండి దాని వేళ్ళకు ఏమీ కాలేదు. గద్ద కనబడితే పక్కకు తప్పుకోండి. దాని ఆకాశం అది.

డేగలా కనిపిస్తే మాత్రం చిన్న పిట్టలు హడలిపోతాయి. నెదర్లాండ్స్‌లో గ్రోనింగెన్ పరిశోధకులు 2022లో డేగ వేషం వేసిన రోబోట్‌ఫాల్కన్‌ను పొలాల మీద తిప్పితే అయిదు నిమిషాల్లోపే గుంపులు ఖాళీ చేశాయి. మామూలు డ్రోన్ కన్నా అది బాగా పనిచేసింది. మంచె మీద కూర్చుని వడిసెల తిప్పే మా తాత చూస్తే ఏమనేవాడో.

మందు కొట్టే డ్రోన్ రెక్కలతో చెయ్యొచ్చా? నిఘాకి వాడతారా?

పది లీటర్ల ట్యాంకు మోయాలంటే ఫ్యాన్లే. నిఘా ఆశ మాత్రం పాతదే. 1970ల్లోనే అమెరికా గూఢచారి సంస్థ సీఐఏ తూనీగ ఆకారంలో ఒకటి చేయించింది. అది ఎగిరింది కూడా, కానీ పక్కగాలి తగిలితే అదుపు తప్పేది. దాంతో మూలన పెట్టి, ఇప్పుడు మ్యూజియంలో ఉంచారు. చిన్న రెక్కల డ్రోన్లకు నేటికీ గాలే యముడు.

ఇంట్లో చేసుకోవచ్చా? అనుమతి కావాలా?

రబ్బరు బ్యాండుతో మొదలుపెట్టండి. గాలిపటం వెదురు పుల్లలు, పలచటి పాలిథీన్ కవరు, వంచడానికి సన్న స్టీలు తీగ, దారం, ఫెవిక్విక్ చాలు. మెలిపెట్టిన రబ్బరు విడుతూ తీగ వంపును తిప్పుతుంది, ఆ వంపు రెండు పుల్లల్ని పైకీ కిందికీ ఆడిస్తుంది. పుల్ల రెక్క ముందంచుకే ఉండాలి.

నేను మొదటిది పాడుచేసింది ఇక్కడే. గాలిపటం కట్టే అలవాటు కదా, కవరును డోలు చర్మంలా బిగించి నాలుగంచులా అంటించాను. రెక్కలు టపటపా కొట్టుకున్నాయి, బొమ్మ మాత్రం తిన్నగా కింద పడింది. బిగుసుకున్న రెక్క గాలిని పైకీ కిందికీ తోస్తుందే గానీ వెనక్కి నెట్టదు. వెనకంచు వదులుగా వేలాడాలి. అప్పుడు ముందంచు కిందికి దిగినప్పుడు వెనకంచు ఆలస్యంగా వస్తుంది, రెక్క మెలి తిరుగుతుంది, గాలి వెనక్కి పోతుంది, పిట్ట ముందుకు పోతుంది. కవరు కాస్త ముడతలు పడేంత వదులు ఉంచండి. తోక అంచు కొంచెం పైకి వంచండి. గదిలో ఫ్యాను కట్టేసి వదలండి, రెండు మూడు రోజులు ముక్కు మీదే పడుతుంది, ముక్కుకి ఇంకాస్త టేపు చుట్టుకోండి.

రబ్బరు బొమ్మకు ఎవరినీ అడగక్కర్లేదు. మోటారూ రిమోటూ పెట్టాక మాత్రం రెక్క ఉన్నా ఫ్యాను ఉన్నా 2021 డ్రోన్ నియమాలు చూసుకోవాల్సిందే. 250 గ్రాముల లోపు నానో తరగతి, దానికి పైలట్ లైసెన్సు అక్కర్లేదు. ఎగరేసే చోటు రెడ్ జోన్‌లో (అనుమతి లేకుండా ఎగరేయకూడని చోటులో) ఉందేమో ప్రభుత్వం వారి డిజిటల్ స్కై మ్యాపులో ముందు చూసుకోండి. గన్నవరం, శంషాబాద్ చుట్టుపక్కల వాళ్ళు రెండుసార్లు చూసుకోండి.